పేజీ మారిన లైను

"నలుగురు పిల్లలున్నవాడివి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని టైపు కొట్టొద్దటయ్యా?"

సూపరింటెండెంటు గారు బడ్జెట్టు పుస్తకాన్ని టైపిస్టు బల్ల మీద పడేశారు.

సైన్యం పేజీలో చివర ఉండాల్సిన "అదనపు కేటాయింపు" లైను, తర్వాతి పేజీలో ఆసుపత్రుల కింద పడింది.

రెండు యుద్ధవిమానాల డబ్బు!

"పొరపాటైంది సార్."

"నీ పొరపాటు సభలో పాసైపోయింది కదయ్యా!"

సభలో ఎవరూ చదవలేదు. చదవలేదని ఒప్పుకోవడం కంటే ఆసుపత్రులు కట్టడమే పరువుగా ఉంటుందని పెద్దలు తేల్చారు.

ఊరూరా పిల్లల వార్డులు లేచాయి. విమానాలు రాలేదు. యుద్ధమూ రాలేదు.

టైపిస్టు ఉద్యోగం ఊడింది. కాగితం మీద "సరిచూశాను" అని సంతకం పెట్టిన సూపరింటెండెంటు గారికి మాత్రం ప్రమోషనొచ్చింది, పిల్లల ఆరోగ్యానికి చేసిన సేవకుగాను.

రిటైరయ్యాక ఏ పెళ్ళికెళ్ళినా భోజనాల దగ్గర ఆయనది ఇదే కథ. కార్బన్ కాగితం వాసన, లైను చివర మిషను గంట, పన్నెండు మిషన్లు ఒక్కసారి మోగితే వాన కురిసినట్టుండే ఆ హాలు... ఆ రోజులే వేరని నిట్టూర్చి, "మా దగ్గర ఒక పరధ్యానం మనిషి ఉండేవాడు" అని మొదలెట్టేవారు. సరిగ్గా అప్పుడే బంతిలో అందరికీ చేతులు కడుక్కోవాలనిపించేది.

ఒకసారి మాత్రం ఒక ఎకనామిక్స్ లెక్చరరు లేవలేదు.

"ఆ విమానాలు కొనుంటే ఈపాటికి తుక్కు కిందికి పోయేవి సార్. ఆ వార్డుల్లో బతికిన పిల్లలే ఇవాళ మన ఫ్యాక్టరీలు నడుపుతున్నారు. ఇంతకీ ఆ టైపిస్టు ఎక్కడున్నాడు?"

ముప్పై ఏళ్ళలో ఆ ప్రశ్న సూపరింటెండెంటు గారికి తట్టనే లేదు.

వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, ఇల్లు పట్టుకునేసరికి టైపిస్టు పోయి నెలయింది.

భార్య కుర్చీ వేసింది.

"మీ గురించి ఎప్పుడూ చెప్పేవారు అన్నయ్యగారూ."

ఆయన గొంతు సవరించుకున్నారు. "బంగారంలాంటి మనిషమ్మా. పాపం, ఆ ఒక్క పొరపాటు..."

"పొరపాటేమిటి? ఉద్యోగం పోతుందని ముందు రోజే నాతో చెప్పారు. పిల్లల గతేమిటండీ అన్నాను. కోర్టు ముందు కూర్చుని అర్జీలు కొట్టుకుంటానన్నారు. అలాగే పెంచారు నలుగుర్నీ."

సూపరింటెండెంటు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"మరి... మధ్యలో నేను పట్టేస్తానని భయపడలేదామ్మా?"

ఆమె మర్యాదగా తల దించుకుంది.

"మీరు ఏ కాగితమైనా చదవకుండానే సంతకం పెడతారన్న ధైర్యంతోనే, అన్నయ్యగారూ, ఆయన ఆ లైను అక్కడ కొట్టింది."