చప్పుడు చేయని యంత్రం

ఆ ఆదివారం ఇంట్లో తండ్రి, తల్లి, కొడుకు, చిన్నకూతురు, పొద్దున్నే దిగిన మేనమామ ఉన్నారు. పాటల పెట్టెను కూడా మనిషిగా లెక్కేస్తే ఆరుగురు.

పెట్టె అంటే పాతకాలపు రికార్డు ప్లేయరు. టేకు చెక్కది. పైన తిరిగే పళ్లెం, కింద కడుపులో పెద్ద స్పీకరు. రోజూ సాయంత్రం తండ్రి ప్రెస్సు నుంచి వచ్చి, చొక్కా అయినా విప్పకుండా ఓ రికార్డు పెట్టేవాడు. చిన్నది పరుగున వచ్చి చెక్కకు అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేది. పాట అయ్యేదాకా ఇద్దరిదీ ఒకటే లోకం.

ఇప్పుడు కొడుకు కొత్త యంత్రం అట్టపెట్టె విప్పుతున్నాడు. రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడానికి.

దాన్ని ఎంచడానికే వారం పట్టింది.

"మన పెట్టెకే ఓ వైరు తగిలించలేవురా?" అన్నాడు తండ్రి అప్పుడు.

"దాని సూది బరువుకి రికార్డులు అరిగిపోతున్నాయి నాన్నా. ఇంకొన్నాళ్లు పోతే బరబర తప్ప పాట మిగలదు."

అది నిజమే.

చూసిన మూడింటిలో చవక యంత్రం సూట్‌కేసులా ముద్దుగానే ఉంది కానీ, దాని సూదీ గీకే రకమే. రెండోదానికి యాంప్లిఫయరు విడిగా కొనాలి. మూడోదానిలో అన్నీ ఉన్నాయి. సూది తేలిక. పాట నేరుగా వైరులోంచి కంప్యూటర్లోకి పోతుంది.

"మరి స్పీకరో?" అన్నాడు తండ్రి.

"ఉండదు. చెవుల్లో పెట్టుకుని వినడమే. ఇల్లు ప్రశాంతం."

"బతికించావు నాయనా!" అంది తల్లి.

"చిన్నదో?" తండ్రి మెల్లిగా అడిగాడు.

"దానికెందుకు నాన్నా ఇవన్నీ!"

మూడోదే కొన్నారు.

"అయితే ఆ పెట్టె నాకిచ్చెయ్ బావా," అన్నాడు మేనమామ, ఇవాళ కొత్తది అట్టపెట్టెలోంచి బయటికి రావడం చూసి. "లోపలిదంతా పీకేసి, మా హోటల్లో గల్లా పక్కన మొక్క పెడతా. జనం ఫోటోలు దిగుతారు."

అతను చెయ్యి వెయ్యగానే చిన్నది పెట్టెను వాటేసుకుంది.

"చూడు, బల్లిలా ఎలా అతుక్కుందో! ఏమే, మావయ్యకివ్వవా?"

ఆమె అతని మీసాల కిందకే చూస్తూ ఉండిపోయింది.

"ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంత వాగుడుకాయ అక్క కడుపున ఎలా పుట్టిందో!"

తల్లి నవ్వలేదు.

చివరికి తండ్రే కూతురి వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాడు. పెట్టె మేనమామ తెచ్చిన వ్యానెక్కింది.

ఇంట్లో కొత్త యంత్రం మీద రికార్డు తిరగడం మొదలైంది. అది చూసి చిన్నదాని ముఖం వెలిగింది. కళ్లు తుడుచుకుని పరుగున వచ్చి అరచెయ్యి ఆనించింది.

సూది ఎగిరిపడింది.

"చెయ్యి తియ్యవే!" కొడుకు కసిరాడు.

తియ్యలేదు. చేతిని ఇటు జరిపింది, అటు జరిపింది. పాటేది అన్నట్టు తండ్రి వంక చూసింది. తండ్రి చెవుల్లోవి సర్దుకుంటూ తల దించుకున్నాడు.

"దీన్ని బయట ఉంచితే తప్ప పని కాదు," అని కొడుకు ఆమె రెక్క పట్టుకుని వరండాలోకి నడిపించి, తలుపు ధడాలున వేశాడు.

ఆ చప్పుడుకు వీధి చివర పడుకున్న కుక్క కూడా ఉలిక్కిపడి మొరిగింది. పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క శబ్దమూ వినని చిన్నది మాత్రం, తలుపు చెక్క ఒక్కసారి అదిరి ఆగిపోతే, ఇంకా పాట వస్తుందేమోనని దానికి ఆనించిన అరచెయ్యి తియ్యకుండా నిలబడింది.