ఖాళీ సిలిండర్

“నేనే వదిలేసి వచ్చేశాను. అదే రాసుకోండి” అన్నాడు ఆస్పత్రి మంచం మీదున్న యువకుడు.

ఆ మాట అతను అనడం ఇది మూడోసారి. పోలీసులకు అదే చెప్పాడు. తోడబుట్టిన అక్కకూ అదే చెప్పాడు. ఇప్పుడు రేవు కార్యాలయం పంపిన దర్యాప్తు అధికారిణికీ అదే చెబుతున్నాడు.

మూడు రోజుల కిందట అతనూ, అతని బావా సముద్రంలోకి దిగారు. అడుగున ఎప్పుడో మునిగిపోయిన సరుకుల ఓడ ఒకటి ఉంది. అరవై మీటర్ల లోతు. డైవింగ్ వాళ్ల కుటుంబ వృత్తి. సిలిండర్లు నింపుకునేదీ ఇంట్లోనే. ఆ ఓడలోకి చాలాసార్లు వెళ్లొచ్చారు. ఈసారి బావ శవమై తేలాడు. ఇతను బతికాడు గానీ, నడుము కింద స్పర్శ లేదు.

“మొదట్నించీ చెప్పండి.”

“బావ సిలిండర్లో గాలి అయిపోయింది. నా దాంట్లోంచి ఇమ్మని సైగ చేశాడు. ఇస్తే ఇద్దరం పోతామని భయమేసింది. వదిలేసి పైకొచ్చేశాను.”

అప్పజెప్పిన పాఠంలా ఉంది.

బయట వరండాలో అక్క నిలబడి ఉంది. మూడు రోజులుగా నిద్ర లేని కళ్లు.

“వాణ్ణి పలకరించడానికి రాలేదమ్మా” అంది అధికారిణితో. “ఏ మొహం పెట్టుకుని బతికున్నాడో చూసిపోదామని వచ్చాను. అమ్మ పోయాక వీణ్ణి చంకనేసుకుని పెంచాను. నా మొగుడు గుక్కెడు గాలి అడిగితే పెట్టలేకపోయాడు!”

గది తలుపు తెరిచే ఉంది. లోపల అతను గోడవైపు తల తిప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నం అధికారిణి తన గదిలో చనిపోయినతని సామాన్లన్నీ బల్ల మీద పరిచింది. ఒకప్పుడు తనూ ఆ లోతులు చూసిన మనిషే. సిలిండర్ ఖాళీ. సూది సున్నా మీద ఉంది. అంతవరకూ కుర్రాడి మాట నిజమే.

కానీ మణికట్టుకు కట్టుకున్న, గాలి వాడకాన్ని నిమిషనిమిషానికీ నమోదు చేసే డైవింగ్ కంప్యూటర్ వేరే మాట చెప్పింది. దిగిన తొమ్మిదో నిమిషంలో బావ ఊపిరి ఆగిపోయింది. అప్పటికి సిలిండర్లో సగానికి పైగా గాలి ఉంది.

ఆమె కుర్రాడి కంప్యూటర్ కూడా తెరిచింది. అడుగున ఉండాల్సింది పదిహేను నిమిషాలు. అతను ముప్పై ఒక్క నిమిషాలు ఉన్నాడు. పారిపోయినవాడు కాదు. తన గాలి అడుగంటేదాకా అక్కడే పెనుగులాడాడు. పైకొచ్చేటప్పుడు మధ్యలో ఆగాల్సినంతసేపు ఆగడానికి గాలి మిగల్లేదు. రక్తంలో బుడగలు కట్టి నరాలు దెబ్బతిన్నాయి. కాళ్లు పోయింది అందుకే.

మరి అబద్ధమెందుకు?

ఆమె పడవ దగ్గరికి వెళ్లింది. పడవ నడిపే సరంగు మోకు చుట్టలు సర్దుతున్నాడు.

“ముందు శవం తేలిందమ్మా. నడుముకు బరువులు పైకి తేల్చే గాలి సంచి కట్టి ఉంది. ఆ సంచి కుర్రాడిదే, నాకు తెలుసు. కాసేపటికి అతనూ వచ్చాడు.”

“వచ్చి ఏం చేశాడు?”

సరంగు చేతిలోని మోకు పక్కన పడేశాడు. “అదేనమ్మా నాకు మింగుడుపడనిది. కాళ్లు ఆడట్లేదు. డెక్కు మీద పాక్కుంటూ వాళ్ల బావ దగ్గరికి వెళ్లాడు. ఏడుస్తాడనుకున్నాం. సిలిండర్ మర తిప్పేశాడు. గాలంతా బుస్సుమని పోయేదాకా దాని మీద పడుకునే ఉన్నాడు. పక్కకు లాగబోతే చెయ్యి కరిచినంత పని చేశాడు. మతి చలించిందనుకున్నాం.”

మతి చలించలేదు. ఆ గాలిని ఎవరూ పరీక్షించకూడదు. అందుకే ఖాళీ చేశాడు.

మర్నాడు ఉదయం ఆమె మళ్లీ ఆస్పత్రికి వెళ్లింది. వరండాలో అక్క ఎదురొచ్చింది. “ఏం రాశారమ్మా? అది తెలిసేదాకా ఇక్కణ్ణించి కదలను.”

అధికారిణి లోపలికి వెళ్లి తలుపు మూసింది. మంచం పక్కన కుర్చీ లాక్కుంది.

“మీ బావకు గాలి అయిపోలేదు. మీరు పారిపోలేదు. సిలిండర్ ఖాళీ చేసింది మాత్రం మీరే.”

అతను మళ్లీ గోడవైపు తల తిప్పుకున్నాడు.

“తక్కువ లోతుల్లో వాడే గాలిలో ఆక్సిజన్ ఎక్కువ కలుపుతారు. అదే గాలి అంత లోతులో పీలిస్తే విషం. మూర్ఛ వస్తుంది. మీ బావకు అదే వచ్చింది కదూ?”

మొదటిసారి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

“పళ్లు గిట్టకరుచుకుపోయాయి మేడమ్. నా గొట్టం ఆయన నోట్లో పెడదామని ఎంత పెనుగులాడానో... వేళ్లు చీరుకుపోయాయి గానీ నోరు తెరుచుకోలేదు.”

“ఆ సిలిండర్లో ఎవరో తప్పుడు గాలి నింపారు. మీరు సాక్ష్యం లేకుండా చేశారు. ఇది నేను హత్య అని రాయాల్సి వస్తుంది. తెలుస్తోందా?”

“రాయండి.”

“ఉరి పడొచ్చు.”

“పడనివ్వండి. గాలి అయిపోయిందనే రాయండి, లేదా నేను చంపాననే రాయండి. ఏదో ఒకటి నా పేరు మీద రాసెయ్యండి.”

“ఇంతకీ నింపింది మీరేనా?” ఆమె గొంతు పెరిగింది.

అతను తటాలున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చూపు మూసిన తలుపు మీదుంది.

“మెల్లగా మేడమ్, బయటికి వినిపిస్తుంది... పొరపాటు జరిగిందని తనకింకా తెలీదు. నింపింది మా అక్క.”