టిప్పర్ మీద చుక్కలు

కాలేజీ గేటు ఎదురుగా, సాగర్ రోడ్డు పక్కన, ఆ మనిషి ఫోను పట్టుకుని నిలబడటం అది మూడో రోజు.

ఇబ్రహీంపట్నంలోని ఆ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే యమునకు ఒళ్లు మండింది. సరిగ్గా ఆడపిల్లలు ఇళ్లకు పోయే వేళకే వస్తాడేం?

నేరుగా వెళ్లి, ఎవరు నువ్వని నిలదీసింది.

పేరు దయాకర్ అన్నాడు. నలభై దాటిన మనిషి.

"మీ వీడియోలు రోజు చూస్తా మేడం."

యమున వీడియోలంటే పాఠాలే. బంతి విసిరి వీడియో తీసి, కంప్యూటర్‌లో ఒక్కో ఫ్రేములో బంతి ఉన్నచోట చుక్క పెట్టి, చుక్కల మధ్య దూరంతో వేగం కట్టడం నేర్పేది. ఆ పాఠాల కింద వచ్చే పాడు కామెంట్లతో ఆమెకు అప్పటికే ప్రాణం విసిగిపోయింది. వీడూ ఆ బాపతే అనుకుంది.

"జర ఈ చుక్కలు చూడుండ్రి మేడం. సోమవారం కలెక్టర్ ఆఫీసుల చూపెట్టాలె" అంటూ ఫోను చాపాడు.

లాక్కుంది. తెర మీద తన క్లాసు పిల్ల హిమజ, గేటు దాటుతూ కనిపించింది. పిల్ల వెనక వస్తున్న టిప్పర్ మీదే చుక్కలన్నీ ఉన్నాయి. యమున వాటిని చూడనే లేదు.

ఆ ఫోనులో ఉన్న అలాంటి నలభై వీడియోలూ తన వేలితోనే చెరిపేసింది. ఇంకోసారి కనిపిస్తే పోలీసులకు పట్టిస్తానంది.

పోలీసుల మాట వినగానే అతను ఫోను తీసుకుని, దండం పెట్టి వెళ్లిపోయాడు.

మూడు వారాలకు అదే గేటు ముందు హిమజను టిప్పర్ గుద్దింది. దవాఖానకు చేరేలోపే పిల్ల పోయింది.

బ్రేక్ వేసినా ఆగలేదన్నాడు డ్రైవర్. అబద్ధమని నిరూపించాలన్న కసితో యమున సీసీ కెమెరా వీడియో తెచ్చుకుని, ఫ్రేము ఫ్రేముకూ చుక్క పెట్టింది. కంప్యూటర్‌లో రోడ్డుకున్న వాలు, టిప్పర్‌కున్న బరువు పెట్టి బండిని నడిపించింది. గేటుకు ముందున్న మలుపు తిరగగానే బ్రేక్ వేసినా, ప్రతిసారీ గేటు దాటాకే ఆగింది.

మలుపుకు ముందు స్పీడ్ బ్రేకర్ ఉందనుకుని నడిపించింది. గేటుకు పది మీటర్ల ముందే ఆగింది.

దయాకర్ కొలిచింది ఇదేనని అప్పుడు తెలిసింది. నా చేతులు పడిపోను అని ఏడ్చింది.

మర్నాడు అతని కోసం కానిస్టేబుల్ తిరుమల్‌ను అడిగింది.

"స్పీడ్ బ్రేకర్ ఎయ్యిండ్రని యాడాది సంది తిరిగిండు మేడం. వీడియోలు పోయినయంట, ఊరిడిసి ఎటో పోయిండు."

అతనికెందుకంత పట్టింపని అడిగింది.

"ఆరేండ్ల కింద గదే గేటు కాడ ఒక పిల్లను గుద్ది జైలుకు పోయిన టిప్పర్ డ్రైవర్ ఆయనే."