హ్యాష్ గుర్తు లేని చరణాలు

“మళ్ళీ ఎవరో పేజీని పాడుచేశారు!”

ఆదివారం ఉదయం మలేసియాలోని క్లాంగ్ తెలుగు సంఘం హాల్లో లాప్‌టాప్ తెరవగానే రుచితకు ఒళ్ళు మండిపోయింది.

హైదరాబాదు నుంచి ఉద్యోగానికి వచ్చిన పిల్ల. ఆరు నెలల సెలవు రోజులు ఆ పేజీకే ధారపోసింది.

సుంగై సిపుట్ ఊళ్ళో రబ్బరు తోట కూలీల ఇళ్ళు కూల్చినప్పుడు ఒక పాటల నోటుపుస్తకం దొరికింది. మొదటి పేజీలో ‘అప్పడు’ అని సంతకం. ఆయన పోయి చాలా ఏళ్ళయిందట.

ఆ పాటల్ని ఆన్‌లైన్ మార్క్‌డౌన్ ఎడిటర్లో ఎక్కిస్తోంది. వరుస ముందు హ్యాష్ (#) గుర్తు పెడితే శీర్షిక, మాటకు అటూ ఇటూ నక్షత్రాలు పెడితే లావు అక్షరాలు. పబ్లిష్ నొక్కితే ముచ్చటైన వెబ్ పేజీ.

తప్పులుంటే దిద్దండంటూ లింకును సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అదే కొంప ముంచింది.

రోజుకో పాట కింద ఎవరో కొత్త చరణాలు చేరుస్తున్నారు. హ్యాష్ లేదు, వరుసలు లేవు, అంతా ఒకటే ముద్ద. సగం మాటలు వంకర.

“పోయిన మనిషి పాటల్లో వేలు పెట్టడానికి వీళ్ళెవరండీ?” సంఘం కార్యదర్శి మోహన్ మీద విరుచుకుపడింది.

“కోపం ఎందుకు లా? ఎవులో తెలీక సేసినారు,” అన్నాడాయన మలేసియా యాసలో.

అంతలో వెనక బెంచీ నుంచి సన్నగా పాట వినిపించింది.

వంటకు ఉల్లిపాయలు ఒలిచే ముసలమ్మ. ఫోను నోటి దగ్గర పెట్టుకుని పాడుతోంది. ఇక్కడ లాప్‌టాప్‌లో పన్నెండో పాట కింద ఆ మాటలే అక్షరాలై వచ్చి పడుతున్నాయి.

దొంగ దొరికింది.

“మీరేనా! ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయా?”

“పుస్తకంలో నేవు పాపా. పాటలో ఉన్నాయి.”

“మీకెలా తెలుసు? ఈ పుస్తకం ఎవరు రాశారో తెలుసా అసలు?”

ముసలమ్మ నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది.

“తెలిస్తే చెప్పండి! పేరేమిటి?”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొహం పక్కకు తిప్పుకుంది.

“చూశారా మోహన్ గారూ! రాసినాయన పేరే తెలియదు, పాటలు దిద్దడానికి మాత్రం తయారు!”

“కోప్పడకు పాపా. పుస్తకంలో ఎక్కనివి ఇంకా సానా ఉన్నాయి. అయ్యి కూడా సెప్పేస్తే...”

“అక్కర్లేదు!”

చదువుకున్న కోపం కదా, పద్ధతిగా పని చేసింది. ముసలమ్మ చేర్చినవన్నీ ఒక్కొక్కటే వెతికి చెరిపేసింది. ఇక ఎవరూ దిద్దకుండా పేజీకి తాళం వేసింది.

ముసలమ్మ ఫోను రొంటిన దోపుకుని, ఉల్లిపాయల పళ్ళెం దగ్గరకు లాక్కుంది. మళ్ళీ ఆ హాల్లో ఆమె పాట ఎవరూ వినలేదు.

నెల తిరిగింది.

పేజీ మొదట్లో పుస్తకం ఫోటో పెడదామని, రుచిత దాని మీది చిరిగిన బ్రౌన్ పేపరు అట్ట ఊడదీస్తోంది.

“ఉల్లిపాయల అవ్వ రావడం లేదేం?” మాటవరసకు మోహన్‌ని అడిగింది.

“అచ్చమ్మ కదా? మంగళవారం పోయినాది. కూతురింట్లోనే.”

రుచితకు మనసు చివుక్కుమంది. అయినా తనది తప్పని మాత్రం అనుకోలేదు.

అట్ట ఊడివచ్చింది. దాని లోపలి వైపు, పాటలు రాసిన చేత్తోనే, ఇలా రాసి ఉంది:

“ఎవులు అడిగినా అది నా పేరు నోట అనదు గనక నానే రాసి పెడతన్నాను: ఈ పాటలన్నీ నా పెళ్ళాం అచ్చమ్మయి, నాను రాసినోడ్ని మాత్రమే, ఇంకా సగం దాని గొంతులోనే ఉన్నాయి.”