పరగడుపున స్కానింగు

"పాప ఏం తింది?" మిషను తెర మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగింది డాక్టరు.

"ఏం తినలేదండి మేడమ్," అంది మంజుష. "రాత్రి ఏడింటికి పెరుగన్నం, అంతే. పొద్దున్నే తలంటు పోసి, గుళ్ళో దణ్ణం పెట్టించి, తిన్నగా ఇక్కడికే తీసుకొచ్చాను. వంటింటికి తాళం కూడా వేశానండి."

"మరి పిత్తాశయం ఇలా ముడుచుకుపోయిందేంటమ్మా? పరగడుపున ఉంటే ఈ సంచి నిండా పసరుండాలి. అప్పుడే లోపల రాళ్ళున్నాయో లేదో తెలుస్తుంది. కాస్త కొవ్వున్నది పొట్టలో పడితే చాలు, ఇలా అయిపోతుంది. ఏదో తింది. మధ్యాహ్నం రెండింటికి రండి. అప్పటిదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వద్దు."

ఆరేళ్ళ కీర్తికి కిందటేడు వచ్చిన రాళ్ళు మందులతో కరిగాయి. కానీ మళ్ళీ రావచ్చనీ, వస్తే ఆపరేషన్ గురించి ఆలోచించాలనీ ఈ డాక్టరే చెప్పింది.

బయట బల్ల మీద అత్తగారు అచ్చాయమ్మ ఒళ్ళో చేతిసంచీతో కూర్చుని ఉంది. తణుకులో కూతురింటి నుంచి తొలి బస్సుకి బయలుదేరి తిన్నగా ఇక్కడికే వచ్చింది. మంజుష టోకెను రాయించుకున్న పది నిమిషాలూ పిల్ల ఆవిడ దగ్గరే ఉంది.

"అత్తయ్యగారూ, దానికేం పెట్టారు?"

"నేనా? నేనేం పెట్టానే?"

"ఆ సంచీ ఇలా ఇవ్వండి."

సంచీలో స్టీలు డబ్బా. మూత తియ్యగానే నెయ్యి వాసన గుప్పుమంది. సున్నుండలు!

"స్కానింగయ్యాక పెడదామని తెచ్చానే. ఆరున్నాయి, చూసుకో."

మంజుష చూసుకుంది. "ఐదే ఉన్నాయండి."

అచ్చాయమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఆ ఒక్కటీ బస్సులో నేనే తినేశానే. అబ్బాయికి చెప్పకేం, షుగరు పెరుగుద్దని అరుస్తాడు."

"బాగుందండి! దొరికాక షుగరు గుర్తొచ్చిందా? కీర్తీ, నువ్వు చెప్పు. నానమ్మ నీకేం పెట్టింది?"

"ఏం పెట్టలేదమ్మా."

"చూశారా, పిల్లకి అబద్ధాలు కూడా నేర్పేశారు."

"దాని మీదొట్టే అమ్మాయీ..."

"ఒట్లు పెట్టకండి. రాళ్ళు మళ్ళీ వస్తే పొట్ట కోసేది మీకు కాదు, దానికి."

డబ్బా మంజుష ఒళ్ళోకి మారింది. నానమ్మా మనవరాలూ ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే డబ్బా వంక చూస్తూ రెండింటి దాకా గడిపారు.

రెండింటికి డాక్టరు కీర్తి పొట్ట మీద జెల్ రాసి, అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది.

"ఇప్పుడు సంచి నిండుగా, శుభ్రంగా ఉంది. ఒక్క రాయి కూడా లేదమ్మా. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ చూద్దాం."

మంజుషకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బయటికి రాగానే తనే డబ్బా మూత తీసి కీర్తికి ఒక సున్నుండ ఇచ్చింది. ఇంకోటి చిదిపి సగం అత్తగారి చేతిలో పెట్టింది.

"పొద్దుట్నుంచీ దొంగని చేసి, చివరికి సగమేనా?" అంది అచ్చాయమ్మ.

"మీ షుగరుకి అదే ఎక్కువండి. ఈసారి మాత్రం మీరు సంచీ లేకుండా రండి. అయినా అంతా ఆ శివయ్య దయ. ఆర్నెల్ల తర్వాత కూడా ఇవాళ్టిలాగే ముందు అభిషేకం చేయించి, అప్పుడే స్కానింగుకి తీసుకొస్తాను."

కీర్తి నోటినిండా ఉన్న సున్నుండ మింగి అమాయకంగా అడిగింది.

"అప్పుడు కూడా గుళ్ళో గ్లాసుడు అభిషేకం పాలు నాతో తాగించి, నానమ్మనే తిడతావా అమ్మా?"