ఊరు లేని సూపర్ హీరో

"మీ సూపర్ హీరో బొమ్మల పుస్తకం ఏడిపించేసింది సార్," అన్నాడు ఎడిటర్ ఫోన్‌లో. "అంత బలవంతుడు ఎగురుతుంటే కింద ఊరే లేదు! ఒక్క మేడ లేదు, ఒక్క కిటికీ లేదు. అంతా తెల్లకాగితం. ఏం స్టైల్ సార్! అసలెలా తట్టింది?"

"ఏదో, అలా కుదిరిందండీ," అన్నాడు చిత్రకారుడు.

ఫోన్ పెట్టేసి, కొత్త పేజీలో హీరోని గీసి, చుట్టూ ఎప్పటిలాగే చోటు వదిలాడు. పేజీని ఎదుటి బల్ల మీద పెట్టి, పక్కనే పెన్సిల్ చెక్కి ఉంచాడు.

మనుషుల్ని గీయడం ఆయన వంతు, మేడలూ వీధులూ భార్య వంతు. ఆవిడ పోయినా ఆ పద్ధతి మారలేదు.

సాయంత్రం దాకా చూసి, పేజీని అలాగే తీసి కవర్లో పెట్టాడు.

"నువ్వు గీయని ఊరు చూసి నన్ను మెచ్చుకుంటున్నారే," అన్నాడు ఖాళీ కుర్చీతో.