ఆఫీసు వయసు

“అరవయ్యేళ్లకి మీ ఆయన గుండె ఇలా ఉండకూడదమ్మా. డెబ్బయ్యేళ్ల వాళ్ల గుండెలా ఉంది. లోపల పెద్ద జబ్బేదో ఉంది” అన్నాడు మా కాలబార్ ఊరి డాక్టరు.

మా ఆయన ఎటిమ్ పోయిన నెలే రిటైరయ్యాడు. ఆయనకి ఎనభై అయిదు వచ్చేదాకా పెన్షనూ మందులూ సరిపోయేలా పాతికేళ్లకి ఏర్పాట్లు చేసుకున్నాం.

వరండాలోకి రాగానే ఎటిమ్ గుసగుసగా చెప్పాడు. “జబ్బేం లేదు ఆరిత్. నా అసలు వయసు డెబ్బై. ఉద్యోగం కోసం పదేళ్లు తగ్గించి రాయించాను. ఈ ఊళ్లో ఆఫీసు వయసు లేనిదెవరికి?”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే ముసలాణ్ణి చేసుకునేదానివా?”

బతుకుజీవుడా అని నవ్వేశాను. మెట్లు దిగుతూ లెక్క వేసుకుని ఆగిపోయాను.

“అయితే మన పాతికేళ్లలో పదేళ్లు ఎప్పుడో అయిపోయాయి కదండీ?”